ఊరు పెరిగింది, మురుగు ఎక్కడ ఇరుక్కుంది?

(తిరుపతిలో జరిగిన ఒక పౌర సమావేశంలో విశ్రాంత ప్రజారోగ్య ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మురుగు గురించి వినడానికి ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారని నిర్వాహకులు కూడా ఊహించినట్లు లేదు. వెనక నిలబడినవారు ముందుకు రండి. ప్రముఖుల కోసం అట్టిపెట్టిన కుర్చీలు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి. (నవ్వులు)

నాకు ఇచ్చిన అంశం చిన్న పట్టణాల్లో మురుగునీటి శుద్ధి కేంద్రాల విస్తరణ. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, పలమనేరు వైపు నుంచి కౌన్సిలర్లు, వార్డు సచివాలయాల ఉద్యోగులు, ఇంజనీరింగు విద్యార్థులు వచ్చారని చెప్పారు. అందుకని తిరుపతి సంగతి, అక్కడి తూకివాకం శుద్ధి కేంద్రం సంగతి పక్కన పెడతాను. నగరపాలక సంస్థకు ఉన్న మనుషులు, డబ్బు చిన్న మున్సిపాలిటీకి ఉండవు. ఈ రోజు యాభై వేల జనాభా ఉండి, మరో పదిహేనేళ్లలో ఎనభై వేలకు చేరబోయే ఊరి గురించి మాట్లాడతాను. దానికి పేరు పెట్టను. ఎవరి ఊరు వారు అనుకోండి.

అటువంటి ఊళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఏర్పేడులో ఐఐటీ వచ్చింది, రేణిగుంట చుట్టూ కంపెనీలు వచ్చాయి, తడ పక్కన శ్రీసిటీ ఉంది, చిత్తూరు జిల్లా మీదుగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పడుతోంది. మామిడితోపులు లేఅవుట్లవుతున్నాయి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కాబట్టి ప్లాంటు లెక్కలు వేసేవారి చేతిలో ఉన్నవి 2011 నాటి అంకెలే. వాటిని పట్టుకుని ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాను మూడు పద్ధతుల్లో అంచనా వేస్తారు. మూడు జవాబులు వస్తాయి. వాటిలో పెద్దది డీపీఆర్‌లోకి, అంటే సవివర ప్రాజెక్టు నివేదికలోకి ఎక్కుతుంది. (నవ్వులు) నవ్వకండి, నిజమే చెబుతున్నాను. నన్నడిగితే విద్యుత్ సంస్థ దగ్గర ఏడాదేడాదికీ ఉండే గృహ మీటర్ల లెక్కను కూడా పక్కన పెట్టుకుని చూడమంటాను. ఊరు ఏ వైపుకు పెరుగుతోందో అది ఇట్టే చెబుతుంది.

ఇక అసలు విషయం. ఊరు పెరుగుతుంది, శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లు నల్లబడతాయి, వాసన వస్తుంది, పత్రికలో ఫొటో పడుతుంది. కౌన్సిల్ సమావేశంలో ఒకే మాట వినిపిస్తుంది: ప్లాంటు చాలడం లేదు, ఇంకొకటి కట్టాలి. నేను అడిగేది ఒక్కటే. ప్లాంటులో ఏది చాలడం లేదు? పంపులా, గాలా, బురద తేరుకునే ట్యాంకా, ఆ బురదను ఎండబెట్టే చోటా? ప్లాంటు సామర్థ్యం అంటే బోర్డు మీద రాసిన ఒకే ఒక్క అంకె అనుకుంటాం. లోపల నాలుగైదు సామర్థ్యాలు ఉంటాయి. వాటిలో అన్నింటికంటే ఇరుకైనదే ప్లాంటు అసలు సామర్థ్యం. ఆ ఇరుకు ఎక్కడో తెలుసుకోకుండా కొత్త ట్యాంకు కడితే డబ్బు ఒకచోట పోస్తాం, జబ్బు ఇంకోచోట ఉంటుంది.

ముందు చిన్న లెక్క వేద్దాం. పిల్లలూ, రాసుకోండి. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అని కేంద్ర మార్గదర్శకం చెబుతుంది. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని అంచనా, అంటే 108 లీటర్లు. యాభై వేల మందికి 54 లక్షల లీటర్లు. రోజుకు పది లక్షల లీటర్లను ఒక ఎంఎల్‌డీ అంటాం కాబట్టి ఇది 5.4 ఎంఎల్‌డీ. ఎనభై వేల మందికి 8.64.

ఇది రోజు మొత్తానికి సగటు. మురుగు సగటున రాదు. పెళ్లికి వెయ్యి మంది భోజనం చేస్తారని తెలిసినంత మాత్రాన వంటవాడికి పని తెలిసినట్లు కాదు, మొదటి పంక్తికి ఎంతమంది కూర్చుంటారో తెలియాలి. ఊరంతా పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య స్నానాలు చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది. అందుకే సగటు మీద ఒక గుణకం వేస్తారు. ఇరవై వేలు దాటి యాభై వేల జనాభా వరకు రెండున్నర, అది దాటి ఏడున్నర లక్షల వరకు ఉన్న పట్టణాలకు 2.25. మన ఊరికి సగటున గంటకు రెండు లక్షల పాతిక వేల లీటర్లు వస్తే, పొద్దుటి పూట గంటకు అయిదు లక్షల అరవై వేల లీటర్ల దాకా వస్తాయి. పంపులు, జల్లెడలు, పైపులు ఈ అంకెకు తట్టుకోవాలి. పొద్దుట మాత్రమే పొంగి, మధ్యాహ్నం తర్వాత సర్దుకునే ప్లాంటుకు రెండో ప్లాంటు అవసరం లేకపోవచ్చు. పొద్దున వచ్చినదాన్ని కొన్ని గంటలు ఆపి మెల్లగా వదిలే ఒక నిల్వ ట్యాంకు, అందులో బురద పేరుకోకుండా కలియబెట్టే ఏర్పాటు చాలు. దాని ఖర్చు కొత్త ప్లాంటు ఖర్చులో చిన్న పాలు.

మున్సిపాలిటీ రోజు విడిచి రోజు నీళ్లు వదులుతుంటే 135 లీటర్లు ఎక్కడివి అని మీలో కొందరికి సందేహం వస్తుంది. సరైన సందేహమే. కుళాయి నీళ్లు తక్కువ, కానీ ఇంటింటికీ బోరు ఉంది, ఆ నీటికి లెక్క లేదు. పైగా యాత్రికులు. శ్రీకాళహస్తికి శివరాత్రి, కాణిపాకానికి ఇరవై ఒక్క రోజుల బ్రహ్మోత్సవాలు. లాడ్జీలో దిగిన మనిషి జనాభా లెక్కలో ఉండడు, మురుగులో మాత్రం ఉంటాడు. అందుకే పుస్తకం అంకెను నమ్ముకోకుండా ప్లాంటు ముఖద్వారం దగ్గర ప్రవాహాన్ని కొలవండి. ఏడాది పొడవునా, గంట గంటకూ. చాలా చోట్ల మీటరు ఉంటుంది, పని చేయదు. విస్తరణ కోసం మొదటి ఖర్చు ఏమిటని అడిగితే ఆ మీటరును బాగు చేయించడం అంటాను.

నీళ్ల లెక్క అయింది. ఆ నీళ్లలో ఉన్నదాని లెక్క ఇంకొకటి. మురుగులోని మలినాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు అవసరమవుతుందో దాన్ని బీఓడీ అంటారు. మనిషికి రోజుకు 27 గ్రాములు అని లెక్క. యాభై వేల మందికి 1,350 కిలోలు, ఎనభై వేల మందికి 2,160 కిలోలు. ఇళ్ల నుంచి వచ్చే మురుగులో ఇది లీటరుకు 250 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు మన జిల్లాల ప్రత్యేకత ఒకటి. చిత్తూరు అంటే తోతాపురి, తోతాపురి అంటే గుజ్జు ఫ్యాక్టరీలు. మామిడి సీజను రెండు మూడు నెలలు. కాయలు కడిగిన నీళ్లు, యంత్రాలు కడిగిన నీళ్లు, అన్నింటిలోనూ చక్కెర. బీఓడీ లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మూడు వేలు అనుకుందాం. ఏదో ఒక యూనిట్ రాత్రిపూట తన నీటిని శుద్ధి చేయకుండా లక్ష లీటర్లు ఊరి మురుగు కాలువలోకి వదిలిందనుకోండి. లక్ష లీటర్లంటే మన 54 లక్షల్లో రెండు శాతం కూడా కాదు, ప్రవాహ మీటరు గుర్తు కూడా పట్టదు. కానీ అందులో ఉన్న మలినం 300 కిలోలు. అంటే పదకొండు వేల మంది కొత్తగా ఊళ్లోకి వచ్చి చేరినట్లు. అదీ ఒక్క రాత్రిలో. ఊరు పెరిగిందని పదిహేనేళ్ల తర్వాతి జనాభాకు ప్లాంటు కడతాం, పెరిగింది ఊరు కాదు, జూన్ నెల.

ఈ నీటితో రెండో చిక్కు కూడా ఉంది. చక్కెర దండిగా ఉంటుంది, నత్రజని, భాస్వరం చాలవు. అటువంటి తిండికి దారపు పోగుల్లా పెరిగే సూక్ష్మజీవులు బలుస్తాయి. వాటితో నిండిన బురద కిందికి దిగదు. నగరి, పుత్తూరు వైపు వారికి ఇంకో రకం బాధ, అద్దకం నీళ్లు. రంగును, ఉప్పును సూక్ష్మజీవులు తినవు. ఎంత పెద్ద ట్యాంకు కట్టినా ఆ రంగు అలాగే బయటికి వెళుతుంది. వీటికి మందు ఊరి ప్లాంటును పెంచడం కాదు, ఫ్యాక్టరీ గేటు లోపలే శుద్ధి చేయించడం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో ఆ షరతు ఉంటుంది. అమలు చేయించే ధైర్యం ఉందా అన్నదే ప్రశ్న. ఊరి ప్రజల పన్నుతో ఫ్యాక్టరీ మురుగుకు ప్లాంటు కట్టడం నా దృష్టిలో రాయితీ. చెప్పకుండా ఇచ్చే రాయితీ.

ప్లాంటు లోపలికి వెళదాం. కాలేజీ పిల్లలకు ఇది తెలుసు, మిగతావారి కోసం. మురుగును జల్లెడ పట్టి, ఇసుక తీసేసి, గాలి ఊదే ట్యాంకులోకి పంపుతాం. అక్కడ సూక్ష్మజీవులు మలినాన్ని తిని పెరుగుతాయి. తర్వాత ఇంకో ట్యాంకులో నీళ్లు నిలకడగా ఉంటే ఆ జీవులన్నీ బురదలా అడుగుకు చేరతాయి, పైన తేట మిగులుతుంది. అడుగు బురదలో ఎక్కువ భాగాన్ని మళ్లీ గాలి ట్యాంకుకు తిప్పుతాం, మిగులును బయటికి తీస్తాం. ఈ పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లోని డేవీహల్మ్ కేంద్రంలో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ప్రపంచానికి చూపించారు. వారికి దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ ఆ తర్వాత మన పక్కనే బెంగళూరు ఐఐఎస్‌సీకి ఆచార్యుడిగా వచ్చారు. వారు మొదట చేసినది ఒకే పాత్రలో నింపడం, గాలి ఊదడం, తేరనివ్వడం, పైతేట తీయడం. ఇవాళ ఎస్‌బీఆర్ అని అధునాతన సాంకేతికతగా అమ్ముతున్నది అదే పని, కంప్యూటర్‌తో నడుస్తుంది, అంతే. మంచి పద్ధతే, నాకు దాని మీద కోపం లేదు. కొత్తది అని చెప్పి ధర పెంచితేనే కోపం.

గాలి దగ్గర ఆగుదాం, ఎందుకంటే చాలా ప్లాంట్లలో మొదటి ఇరుకు ఇక్కడే. ఒక కిలో బీఓడీకి ఇంచుమించు కిలో, కిలోంబావు ప్రాణవాయువు కావాలి. అమోనియాను కూడా నైట్రేటుగా మార్చాలంటే ప్రతి కిలో అమోనియా నత్రజనికీ మరో 4.57 కిలోలు. యూరప్ లెక్కలు ఇక్కడ సరిపోవు. 20 డిగ్రీల వేడి దగ్గర నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటుంది, 35 దగ్గర 7 మాత్రమే. మన ఎండాకాలంలో గాలి ఊదే యంత్రం, అంటే బ్లోయరు, ఎక్కువ శ్రమ పడాలి. అయితే ఆ ఎండే ఒక మేలు కూడా చేస్తుంది. వెచ్చదనంలో సూక్ష్మజీవులు చురుకుగా ఉంటాయి, చలిదేశాల్లో అంత పెద్ద ట్యాంకుల్లో జరిగే పని ఇక్కడ చిన్న ట్యాంకులో జరుగుతుంది. అందుకే మన ఊళ్లో ట్యాంకు కంటే గాలి ముందుగా చాలకుండా పోతుంది.

గాలి చాలుతోందో లేదో కౌన్సిలర్లు కూడా చూడవచ్చు. ట్యాంకు మీది నడకదారిలో నిలబడండి. సన్నని నురుగులాంటి బుడగలు అంతటా సమానంగా రావాలి. ఒకచోట నీరు తెర్లినట్లు పెద్ద బుడగలు పొంగుతూ, పక్కనే నిశ్చలంగా ఉంటే అడుగున గాలి వదిలే రబ్బరు పొరలు చిరిగాయని, మిగతాచోట పూడుకుపోయాయని అర్థం. ఆ పొరలకు కొన్నేళ్ల ఆయుష్షే ఉంటుంది. మార్చడానికి డబ్బు అడిగితే నిర్వహణ ఖర్చు అంటారు, ఫైలు కదలదు. కొత్త ప్లాంటు అడిగితే అభివృద్ధి అంటారు, శంకుస్థాపన జరుగుతుంది. పొరలు మార్చి, ఒక బ్లోయరు అదనంగా పెడితే నాలుగైదేళ్లు గడిచిపోయే ప్లాంట్లు ఉన్నాయి.

బురద తేరుకునే ట్యాంకును పరీక్షించడం ఇంకా సులువు. గాలి ట్యాంకులోంచి ఒక లీటరు నీళ్లు గాజు జాడీలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. బురద దిగి మూడు వందల మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, పైన నీరు తేటగా ఉంటే ఆరోగ్యం బాగున్నట్లు. ఎనిమిది వందల దగ్గరే వేలాడుతుంటే రెండు కారణాల్లో ఒకటి: ట్యాంకులో బురద మితిమీరింది, లేదా బురద రోగం పడింది. సగానికి సగం నీళ్లు కలిపి మళ్లీ చూడండి. అప్పుడు చక్కగా దిగితే మితిమీరిందన్నమాట. మితిమీరడానికి కారణం సాధారణంగా ప్లాంటు వెనక ఉంటుంది. మిగులు బురదను పిండే యంత్రం చెడిపోయి నెలలు అయి ఉంటుంది, ఆపరేటరు బురదను ఎక్కడికీ పంపలేక లోపలే తిప్పుతుంటాడు. వానకో, పొద్దుటి ఉధృతికో అది గట్టు దాటి నదిలోకి పోతుంది. ఆపరేటరును తిట్టి లాభం లేదు.

ఆ మిగులు ఎంతో తెలుసా? మన యాభై వేల ఊరికి రోజుకు సుమారు 800 కిలోల పొడి పదార్థం. నీళ్లతో కలిసి అది లక్ష లీటర్ల పలచటి బురద. పిండితే నాలుగు టన్నుల ముద్ద. ప్రతి రోజూ. డీపీఆర్‌లో ప్లాంటుకు ఎనభై పేజీలు ఉంటే ఈ నాలుగు టన్నులు ఎక్కడికి వెళ్లాలో ఒక్క పేరా ఉంటుంది. మన ప్రాంతంలో స్థలం ఉన్న ఊళ్లకు నా సలహా బురదను ఎండబెట్టే ఇసుక పరుపులు. ఎండ ఉచితం, మరమ్మతు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో పని చేయవు కాబట్టి పైకప్పు వేసిన కొన్ని పరుపులైనా ఉండాలి, చిన్న యంత్రం ఒకటి అండగా ఉండాలి. యంత్రం ఒక్కటే చాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

చివర్లో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. ముందు దశలు బాగుంటే అది పని చేస్తుంది, లేకపోతే ఎంత పోసినా దండగ.

సామర్థ్యం తగ్గడానికి ఇంకో కారణం ఉంది, అది కాగితం మీద జరుగుతుంది. 2017 అక్టోబరు 13 నాటి కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటన ప్రకారం మహానగరాలు కాని ఊళ్లలో శుద్ధి చేసిన నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ 10 దాటకూడదని, నత్రజని 10, భాస్వరం 1 దాటకూడదని చెప్పింది. ముప్పైకి కట్టిన ట్యాంకును పది ఇమ్మంటే అది శుద్ధి చేయగలిగే మురుగు తగ్గుతుంది. ఊరు ఒక్క మనిషి పెరగకపోయినా ప్లాంటు చిన్నదైపోతుంది. కాబట్టి విస్తరణ అంటే ఎన్ని ఎంఎల్‌డీలకు అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్లు. ఏ ప్రమాణానికి అన్నది రెండో సగం.

ఇక వాన. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, నా అనుభవంలో డబ్బు ఎక్కువగా వృథా అయింది ఇక్కడే. 2021 నవంబరు 18 తిరుపతిలో ఎవరూ మరచిపోరు. స్వర్ణముఖి పొంగింది, ఆ తర్వాత రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అంతటి వాన అరుదు, దానికి తగ్గట్లు ఏ ప్లాంటునూ కట్టలేం. నేను చెప్పేది మామూలు నవంబరు వాన గురించి. వీధిలో నీళ్లు నిలిస్తే ఎవరో ఒకరు గడ్డపార తెచ్చి మ్యాన్‌హోల్ మూత లేపుతారు. క్షణాల్లో వీధి ఖాళీ. మేడ మీది వాన గొట్టాన్ని మురుగు గదికి కలిపిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి. ఆ నీళ్లన్నీ ప్లాంటుకు వస్తాయి. వేగంగా వచ్చిన నీళ్లు తేరుకునే ట్యాంకులోని బురదను, అంటే వారాల తరబడి పెంచుకున్న సూక్ష్మజీవులను, తోసుకుని పోతాయి. వాన ఆగాక కూడా కొన్ని వారాలు ప్లాంటు కోలుకోదు.

ఇది బయటికి కనిపించే దొంగతనం. కనిపించనిది ఇంకొకటి ఉంది. వానలు పడి చెరువులు నిండాక భూగర్భ జలం పైకి వస్తుంది. పగిలిన పైపులు, సరిగా అతకని కీళ్లు, ఇటుక మ్యాన్‌హోళ్ల గోడల గుండా శుభ్రమైన నీరు మురుగు పైపులోకి ఊరుతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఊరు నిద్రపోతుంది. వాన లేని రాత్రి ఆ సమయంలో ప్లాంటుకు వస్తున్న నీటిని కొలవండి. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. డిసెంబరు రాత్రి ప్రవాహం మే కంటే రెట్టింపు ఉంటే ఆ తేడా మనుషుల మురుగు కాదు. వీధి వీధికీ మ్యాన్‌హోల్ తెరిచి పై నుంచి దీపం వేసి చూసుకుంటూ పోతే తేటగా, జోరుగా పారే లైను దొరుకుతుంది. పై నుంచి అన్నాను, గుర్తుంచుకోండి. మనిషి లోపలికి దిగకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపించడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు వాసన కూడా తెలియనివ్వదు, ముక్కును మొద్దుబారుస్తుంది. మురుగులో ప్రాణం పోయిన కార్మికుడి కుటుంబానికి ముప్పై లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకంటే చాలా తక్కువకు కెమెరా, జెట్టింగ్ యంత్రం అద్దెకు వస్తాయి. కాంట్రాక్టరు మనిషిని దింపితే ఆ బిల్లు మీద సంతకం పెట్టిన ఇంజనీరు కూడా బాధ్యుడే అని నేనంటాను.

ఇంతవరకు ఎక్కువ నీళ్లు వచ్చే ప్లాంటు గురించి చెప్పాను. అసలు నీళ్లే రాని ప్లాంట్లూ ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో 72,368 ఎంఎల్‌డీల మురుగు పుడుతోంది. కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. వాటిలో నడుస్తున్నవి 26,869. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. కట్టినదాంట్లోనే మూడో వంతుకు పైగా వాడుకోవడం లేదు. ఎందుకంటే ఇంటి నుంచి వీధి పైపుకు కనెక్షన్ ఉండదు. ఇప్పటికే సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంటివారు గచ్చు పగలగొట్టి, డబ్బు కట్టి కనెక్షన్ ఎందుకు తీసుకోవాలి? వారి వైపు నుంచి చూస్తే సమంజసమే. కొన్ని ఊళ్లలో వీధి కాలువనే అడ్డగించి ప్లాంటుకు మళ్లిస్తారు. అప్పుడు 250 బీఓడీకి రూపొందించిన ప్లాంటుకు వందలోపు వస్తుంది, దానితోపాటు ఇసుక, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బోండాలు. సూక్ష్మజీవులకు తిండి ఉండదు, బ్లోయర్లు ఊరికే తిరుగుతాయి. ప్లాంటు కరెంటు బిల్లులో సగానికి పైగా గాలిదే. కేంద్ర పథకాలు కట్టడానికి డబ్బిస్తాయి, నెల నెలా కరెంటు బిల్లు మున్సిపాలిటీయే కట్టాలి. అతి పెద్ద ప్లాంటు కట్టుకున్న చిన్న ఊరు కొన్నేళ్లకు బ్లోయర్లు ఆపేస్తుంది. అంతటితో ప్లాంటు పేరుకే మిగులుతుంది.

అన్నీ చూశాక నిజంగానే విస్తరణ కావాలని తేలిందనుకుందాం. తేలుతుంది, ఎనభై వేలు అయ్యే ఊరికి ఏదో ఒక రోజు కావాలి. ముప్పై ఏళ్లకు సరిపడా స్థలం ఇప్పుడే తీసుకోండి, ప్లాంటును మాత్రం ముక్కలుగా కట్టండి. స్థలం తర్వాత దొరకదు, లేఅవుట్లు గోడ దాకా వస్తాయి. పాత గాలి ట్యాంకు గోడలు బాగుంటే అందులోనే ప్లాస్టిక్ బిళ్లలు వేసి, వాటి మీద సూక్ష్మజీవులు పెరిగేలా చేయవచ్చు. జీవులు బిళ్లలకు అంటుకుని ఉంటాయి కాబట్టి తేరుకునే ట్యాంకు మీద బురద భారం అంతగా పెరగదు. కానీ గాలి ఎక్కువ కావాలి, బిళ్లలు బయటికి పోకుండా జల్లెడ కావాలి. ఎస్‌బీఆర్ అయితే ఉన్న రెండు తొట్లకు పక్కన మూడోది కట్టుకోవచ్చు.

కొత్తదీ పాతదీ పక్కపక్కన నడిపేటప్పుడు మురుగును సమంగా పంచే గది మీద కన్నేసి ఉంచండి. రెండు గట్ల ఎత్తులో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఒక ట్యాంకు మునుగుతుంది, ఇంకోటి పస్తు ఉంటుంది. పని జరుగుతున్నన్నాళ్లూ మురుగు ఆగదు కదా. తాత్కాలిక పంపింగు ఎలా చేస్తారో టెండరులోనే రాయించండి, లేకపోతే ఏడాదిన్నర పాటు మొత్తం నదిలోకే. కరెంటు ప్యానెళ్లు వరద మట్టం కంటే పైన ఉండాలి. ప్లాంట్లన్నీ పల్లంలో, నది ఒడ్డునే కడతాం, మోటారు మునిగితే మార్చవచ్చు, ప్యానెలు మునిగితే నెలలు పడుతుంది. సెప్టిక్ ట్యాంకర్లు మ్యాన్‌హోళ్లలో గుమ్మరించకుండా ప్లాంటు దగ్గరే వాటికి ఒక తొట్టి ఉండాలి. ఒక్క ట్యాంకరులో దాదాపు వెయ్యి మంది ఒక రోజు మలినం ఉండవచ్చు. దాన్ని మెల్లగా కలుపుకోవాలి.

ప్రశ్నలకు సమయం కావాలన్నారు, ఇక్కడ ఆపుతాను.

సభలో నుంచి ఒక మహిళ: అయ్యా, మా వార్డు పక్కనే కొత్త ట్యాంకులు కడతామంటున్నారు. వాసన రాదని అధికారులు చెబుతున్నారు. నమ్మవచ్చా?

అమ్మా, అసలు రాదంటే నమ్మకండి. గాలి ట్యాంకు నుంచి వాసన వస్తే అది మట్టివాసనలా ఉంటుంది, అది ఇబ్బంది కాదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది ప్లాంటు మొదట్లో, మురుగు వచ్చి పడే బావి దగ్గర, జల్లెడ చెత్త దగ్గర, నిల్వ ఉన్న బురద దగ్గర. ఆ మూడింటికీ మూత వేయమని, అక్కడి గాలిని లాగి శుద్ధి చేయమని, వాటిని మీ ఇళ్లకు దూరంగా ఉన్న మూలకు జరపమని లిఖితపూర్వకంగా అడగండి. నక్షా దశలో అయితే జరుపుతారు. కాంక్రీటు పడ్డాక ఎవరూ జరపరు.

ఒక రైతు: శుద్ధి చేసిన నీళ్లు మామిడితోటకు వాడుకోవచ్చా సార్? కోలారులో చెరువులకే పంపుతున్నారు కదా.

పంపుతున్నారు. కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటిని 440 ఎంఎల్‌డీల దాకా కోలారు చెరువులకు మళ్లించేలా కట్టారు, 2018లో నీళ్లు మొదలయ్యాయి. బోర్లలో నీరు పెరిగిందని సంతోషించినవారు ఉన్నారు. అదే ఏడాది చెరువులో నురుగు వచ్చి నీటిని ఆపవలసి వచ్చింది, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తాగే బోర్లున్న చోట చెరువులోకి వదలడానికి నేను తొందరపడను. తోటకు నేరుగా వాడుకోవడం వేరు. మామిడి కాయ నేలకు ఎత్తున ఉంటుంది, నీరు కాయకు తగలదు, కాబట్టి ఆకుకూరల కంటే ఇది చాలా నయం. ముందు నీటిలో ఉప్పు ఎంతో పరీక్ష చేయించండి, మామిడి ఉప్పుకు త్వరగా ఆకు అంచులు మాడ్చుకుంటుంది. అద్దకం నీళ్లు కలిసే ఊళ్లలో అయితే తీసుకోకండి. నీటిలో నత్రజని ఉంటుంది కాబట్టి ఆ మేరకు యూరియా తగ్గించండి, పూత ముందు నీరు ఎలాగూ ఆపాలి. స్ప్రింక్లరు వద్దు, డ్రిప్పే పెట్టండి. డ్రిప్పు గొట్టాల్లో జిగురు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. మొదట్లో ఇసుక ఫిల్టరు, దాని తర్వాత డిస్కు ఫిల్టరు పెట్టి, గొట్టాల చివరి మూతలు తీసి వారానికి ఒకసారి కడగాలి.